ఒక్క పూటకు కలిపిన మంద

జూన్ రెండో వారంలో మా ఊరి ప్రాథమిక పాఠశాల ముందు ఆటో ఆగి పుస్తకాల కట్టలు దిగాయి. వాటిని విప్పే పని నా మీద పడింది. ప్లాస్టిక్ తాడు కోసి పైనున్న పుస్తకం తెరిచానో లేదో సిరా వాసన, జిగురు వాసన, ఏ గోదాములోనో పట్టిన చెమ్మ వాసన, మూడూ కలిసి ముక్కుకు తగిలాయి. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లీషు. ఒకటే పాఠం, ఒకటే బొమ్మ, రెండు భాషలు. పిల్లలు ఏ పేజీ చదవాలి, నేను ఏ పేజీ చెప్పాలి, ఇంట్లో తల్లి ఏ పేజీ చూసి మురిసిపోవాలి అని ఆలోచిస్తూ ఆ పుస్తకాన్ని ముఖానికి ఆనించుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. వంట చేసే అక్క చూసి, "ఏంది టీచరమ్మా, బుక్కులు తింటున్నవా?" అని నవ్వింది.

టీచరమ్మ అనడం ఆమె మర్యాద. డి.ఎడ్. పూర్తిచేసి, టెట్ రాసి, ఉద్యోగ ప్రకటన ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తూ, ఉన్న ఒక్క సారుకు తోడుగా ఊరివాళ్లు పెట్టుకున్న మనిషిని నేను. నా వయసు ఇరవై రెండు. ఇరవై రెండేళ్లకే చిన్ననాటి సంగతులు రాసుకోవడమేమిటని పెద్దవాళ్లు నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి. మా పల్లెల్లో బడుల సంగతి ఎంత తొందరగా తారుమారైందంటే, పదకొండేళ్ల కిందటి నా నాలుగో తరగతి మా తాతల కాలం నాటిదిగా అనిపిస్తుంది. పైగా అందులో నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి ఒకటుంది. రాస్తే అయినా అర్థమవుతుందేమోనని ఈ ప్రయత్నం.

మాది కొల్లాపూర్ పోయే తోవలో దిగి లోపలికి నడిస్తే వచ్చే ఊరు. ఎర్రమట్టి, ఏరేసిన కొద్దీ మళ్లీ పైకి తేలే నల్లరాళ్లు, పల్లి చేలు, ఆముదపు చేలు, వాటి నడుమ జీవాలు మేసే కంచెలు. ఎండాకాలం సెలవులైపోయి బడి తెరిచేనాటికి తొలకరి పడి, మా గొర్ల దొడ్డి నుంచి తడిసిన ఉన్ని వాసన వీధంతా నిండేది. ఆ వాసనలోనే తలకు నూనె పట్టించుకుని, రెండు జడలు వేయించుకుని, పొట్టిదైపోయిన పోయినేటి యూనిఫాంతో బడికి పరుగెత్తేవాళ్లం. తొలి ఏకాదశికి అమ్మ జొన్న పేలాలు వేయించి, బెల్లం కలిపి దంచిన పేలపిండిని నేను గౌను జేబులో పోసుకుపోతే, మధ్యాహ్నానికి వాన చెమ్మకు అది గడ్డకట్టి జేబుతో సహా నాకాల్సి వచ్చేది. వానలు వెనకబడేసరికి కంచెల్లో సీతాఫలాలు కండ్లు తెరిచేవి. వాటిని తెంపి బడి వెనక గడ్డివాములో మగ్గబెట్టి, ఏ కాయ ఎవరిదో మరిచిపోయి కొట్టుకునేవాళ్లం. చలికాలం వస్తే ఉడకబెట్టిన పచ్చి పల్లికాయలు, వాటి పొట్టుతో నిండిన వరండా, ఆ పొట్టు ఊడ్చలేక సారు తిట్టే తిట్లు. మగపిల్లలు చిర్రగోనె, అదే గూటీబిళ్ల, ఆడితే మేము తొక్కుడు బిళ్ల ఆడేవాళ్లం. వాళ్ల చిర్ర వచ్చి మా గళ్లలో పడితే ఆ పూటంతా యుద్ధమే.

బడి అంటే ఒక పెద్ద గది, ముందు ఒక వరండా. గదిలో మూడు, నాలుగు, ఐదు తరగతులు. వరండాలో ఒకటి, రెండు. ఐదు తరగతులకూ సారు ఒక్కరే. వనపర్తి నుంచి బండి మీద వచ్చేవారు. గడప మీద కుర్చీ వేసుకుని ఇటు తిరిగి మాకు లెక్కలు, అటు తిరిగి చిన్నవాళ్లకు అక్షరాలు చెప్పేవారు. ఒక్కోసారి పొరపాటున మమ్మల్ని 'అ' దిద్దమని, చిన్నవాళ్లను భాగహారం చేయమని అనేవారు. మేం దిద్దేవాళ్లం కూడా. ఏది ఎందుకు చేయమంటున్నారో అడిగే అలవాటు మాకు అప్పటికి లేదు.

మా నాయిన నాయిన, నా తాత, గొర్ల కాపరి. అక్షరం ముక్క రాదు. రోజూ పొద్దున మందను తోలుకుపోతూ బడి ప్రహరీ దగ్గర ఆగి, గొంగడి భుజాన సర్దుకుని, కర్ర కొనతో గాలిలో పొడుస్తూ మా తలలు లెక్కపెట్టేవాడు. "సారూ, ఇయ్యాల రెండు తక్కువున్నయి" అని కేకేసి వెళ్లిపోయేవాడు. సారు హాజరుపట్టీ తెరిచి చూస్తే నిజంగానే రెండు తక్కువుండేవి. మమ్మల్ని గొర్లతో సమానంగా లెక్కిస్తున్నాడని నాకు భలే సిగ్గుగా ఉండేది. తాతకు మాత్రం అంతకన్నా పెద్ద గౌరవం తెలియదు.

తాతల వృత్తిలో ఒక పద్ధతి ఉంది, అది చెప్పకపోతే తరువాతి కథ అర్థం కాదు. పంట కోశాక రైతులు తమ చేలల్లో గొర్ల మందను పెట్టించుకుంటారు. ఒక రాత్రి మంద కూర్చుని లేస్తే ఆ పేడా మూత్రమూ పొలానికి ఎరువు. పెద్ద చేనుకు ఒకరి మంద చాలదు. అప్పుడు చుట్టాల మందను అడిగి తెచ్చి తమ మందలో కలుపుతారు. తెల్లారగానే ఎవరి కాపరి వారు ఒక పక్కన నిలబడి తమకే వచ్చిన తీరులో నాలుకతో చప్పుడు చేస్తే, వందల గొర్లలో నుంచి ఎవరివి వారి వెంట చీలి వెళ్లిపోతాయి. ఒక్కటి తప్పిపోదు. చిన్నప్పుడు నేను చూసిన వింతలన్నింటిలో పెద్ద వింత అదే.

కొత్త రాష్ట్రం వచ్చిన మరుసటేడు మా ఊరికి పసుపుపచ్చ బస్సు రావడం మొదలైంది. అది ఎక్కిన పిల్లలకు టై, నల్ల బూట్లు, మెడలో వేలాడే కార్డు. వాళ్లు నిన్నటిదాకా మాతో పేలపిండి నాకినవాళ్లే. బస్సు ఎక్కిన వారం రోజులకు 'నీళ్లు' అనడం మానేసి 'వాటర్' అన్నారు. ఒక్కొక్కరే తగ్గిపోతూ తగ్గిపోతూ మా బడిలో పద్నాలుగు మందిమి మిగిలాం. ఒకరోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక సారు ఊరి పెద్దలను పిలిపించి, వరండాలో కూర్చోబెట్టి, కాసేపు చేతులు నలుపుకుని చెప్పారు. "పై నుంచి ఉత్తర్వులొచ్చినయి. ఇరవై మంది లేకుంటే మన బడిని గుట్టకిందిపల్లె బడిల కలుపుతరంట. సోమవారం ఆఫీసరు సారు వచ్చి చూస్తడు."

గుట్టకిందిపల్లె మా మేనమామ ఊరు. మా ఊరికీ దానికీ నడుమ ఒక గుట్ట, ఒక వాగు. వాగు దాటి బస్సు రాలేదు కాబట్టి అక్కడి పిల్లలెవరూ బస్సు ఎక్కలేదు. వాళ్ల బడిలో ఇరవై ఒక్క మంది ఉన్నారు. సారు చెప్పింది వింటూ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డ నాకు ఒకటే అనుమానం: బడిని ఇంకో బడిలో కలిపితే మా గోడలు, మా నల్లబల్ల, మా గంట ఎక్కడికి పోతాయి? ఉత్తర్వులు ఇచ్చినవాళ్లు ఈ ఊరు ఎప్పుడైనా చూశారా? చూడకపోతే మేం పద్నాలుగు మందిమని వాళ్లకెట్లా తెలుసు? అడిగితే సారు, "పోయి ఆడుకోపో" అన్నారు. ఆయనకు కూడా తెలియదని అప్పుడు నాకు తోచలేదు.

తాత మాత్రం తడుముకోలేదు. "ఆరు తక్కువైనయి, అంతే గద సారూ. నా కోడలి తోడబుట్టినోడు ఆ ఊర్ల ఉన్నడు. ఆరుగురు పిల్లల్ని తోల్కొస్త. సోమవారం ఒక్క పూటకు కలుపుదం. ఆఫీసరు పోంగనే ఎవలయి వాళ్లకు పోతయి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. గొంగడి కప్పుకునే ఇళ్ల మనుషులు అందరూ. వాళ్లకది ఏటేటా చేసే పనే. సారు ఒక్కరే, "గట్ల చేయొద్దేమో తాతా" అన్నారు గొణుగుతున్నట్టు. కానీ లేచి వెళ్లిపోలేదు.

ఆదివారం సాయంత్రం తాత వెంట నేనూ వెళ్లాను. మామ మొదట తల గోక్కున్నాడు. తాతను కాదనలేక, "నువ్వు అడిగితె ఒద్దంటనా మామా, ఒక్క పూటనేనాయె" అన్నాడు. వాళ్ల బడికి ఇరవై ఒక్క మంది ఉన్నారు గదా, వాళ్లకేం భయమని అందరికీ ధీమా. ఆ బడిలో చెప్పే టీచరమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

మామ బిడ్డ యాదమ్మ నాకన్నా ఏడాది పెద్దది, నాకు వదిన వరస. అదీ నాలుగో తరగతే. అక్షరాలు ముత్యాలు అంటారే, అవి నేను దాని పలక మీద చూశాను. పదమూడో ఎక్కం కింది నుంచి పైకి అప్పజెప్పేది. రావడానికి దానికి మనసు లేదు. "రేపు మా టీచరమ్మ ఇంగ్లీషు డిక్టేషన్ పెడతదే భాగీ. నేను రాకుంటే ఫస్టు ఇంకెవరికో ఇస్తది" అంది. నేను ఊరుకోలేదు. మా బడిలో సోమవారం గుడ్డు పెడతారన్నాను, ఆఫీసరు కారులో వస్తాడన్నాను, చివరికి గడ్డం పట్టుకుని, "ఒక్క పూటనే వదినా, నా మీద ఒట్టు" అన్నాను. ఇది రాస్తుంటే కూడా నా చేతికి దాని గడ్డం తగులుతున్నట్టే ఉంది. అది ఒప్పుకున్నాక మిగతా ఐదుగురినీ అదే ఒప్పించింది.

సోమవారం పొద్దున్నే ఆరుగురూ వాగులో నడిచి వచ్చారు. అప్పటికింకా వాగులో నీళ్లు లేవు, తడి ఇసుకే. సారు వాళ్ల పేర్లు కొత్తగా చేరినవాళ్ల కింద రాసుకున్నారు. రాస్తున్నంతసేపూ ఆయన మా ఎవరి ముఖమూ చూడలేదు. గది కడిగించారు, వరండాలో ముగ్గు వేయించారు, నల్లబల్లకు ఆకు పసరు పూయించారు. ఆ పచ్చి పసరు వాసన, వంటగదిలో ఉడుకుతున్న పప్పు వాసన, కొత్తగా వచ్చిన పిల్లల తలల నుంచి ఆముదం వాసన. మేము ఇరవై మందిమి కూర్చుంటే గది ఎంత చిన్నదో నాకు ఆ రోజే తెలిసింది. పసుపు బస్సు రాకముందు ఇట్లాగే ఉండేది గదా అనుకుని సంబరపడ్డాను.

ఆఫీసరు వచ్చేసరికి అన్నం గంట కావస్తోంది. మంచి మనిషే. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చారు. తలలు లెక్కపెట్టుకుని, ఇంగ్లీషు వాచకం తీసి ఎవరైనా చదవండి అన్నారు. మేం పద్నాలుగు మందిమీ నేల చూపులు చూశాం. యాదమ్మ లేచింది. పేరా కింద వేలు జరుపుతూ, కంచెలో గొర్లను పిలిచే గొంతుతో, ఒక్కచోట కూడా ఆగకుండా చదివేసింది. ఆఫీసరు ముఖం విప్పారింది.

"భేష్! ఏ ఊరమ్మా మీది?" అన్నారు.

అది నా వైపు చూసింది. అబద్ధం చెప్పమని ఎవరూ దానికి నేర్పలేదు, కూర్చోమని మాత్రమే చెప్పారు. "గుట్టకిందిపల్లె సార్" అంది.

 ప్రహరీ అవతల మందను ఆపుకుని నిలబడ్డ తాత కూడా విన్నాడు. సారు ఒకసారి గొంతు సవరించుకుని, "అవును సార్, ఆ ఊరి పిల్లలు గూడ మా దగ్గరికే వస్తున్నరు. ఇక్కడ ఇంగ్లీషు మంచిగ చెప్తరని తల్లిదండ్రులే పంపుతున్నరు" అన్నారు. ఆఫీసరు ఎంతో సంతోషపడి, "అంత దూరం నడిచొచ్చి చదువుకుంటున్నారన్నమాట" అంటూ కాగితం మీద ఏదో రాసుకున్నారు. యాదమ్మ వీపు తట్టారు. మాకు ఊపిరి వచ్చింది. ఆ రోజు దానికి రెండు గుడ్లు పెట్టారు. ఒకటి తిని, ఒకటి తమ్ముడికని చున్నీ కొంగున కట్టుకుంది.

సాయంత్రం తాత అన్నట్టే ఎవరి పిల్లలు వాళ్ల ఊరికి వెళ్లిపోయారు. నేను వాగు దాకా సాగనంపాను. వెళ్తూ వెళ్తూ యాదమ్మ తిరిగి చూసి చేయి ఊపింది. ఇంత తేలికగా బడిని కాపాడుకోవచ్చని తెలిస్తే సారు అన్ని రోజులు ఎందుకు బెంగపడ్డారో నాకు అర్థం కాలేదు.

మాకెవ్వరికీ తెలియని సంగతి ఒకటి జరిగింది. మా బడికి రాకముందే, ఆ పొద్దున్నే, ఆఫీసరు కారు వేరే దారిన గుట్టను చుట్టి గుట్టకిందిపల్లెకు పోయి వచ్చింది. అక్కడ పదిహేను మంది కూర్చుని ఉన్నారు. మిగతా ఆరుగురు ఏరని అడిగితే ఆ టీచరమ్మకు తెలియదు. ఎవరో చిన్నపిల్లవాడు లేచి, వాళ్లు అవతలి ఊరి బడికి పోయారని చెప్పాడట.

బతుకమ్మ ముందు కాగితం వచ్చింది. గుట్టకిందిపల్లె బడిని మా బడిలో కలిపేశారు. అక్కడి పిల్లలు ఇప్పటికే మా బడికి అలవాటుపడి ఉన్నారు కనుక ఇబ్బంది ఏమీ లేదని అందులో రాసి ఉందని సారు చదివి చెప్పారు. చదివి, కాగితం మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచారు. తాత వరండా మెట్టు మీద కూర్చుండిపోయాడు. "తెల్లారినంక ఎవలయి వాళ్లకు పోవాలె గద సారూ. గా ఆరు పోయినయి గద, నేను చూసిన. మల్ల గిట్లెట్లయితది?" అని అడిగాడు. అడిగిందే అడిగాడు.  మరునాడు సారు బండేసుకుని ఆఫీసుకు పోయి, జరిగింది జరిగినట్టు చెప్పి వచ్చారని తరువాత తెలిసింది. ఫైలు పైకి పోయింది, ఇప్పుడు చేసేదేమీ లేదన్నారట. పై అంటే ఏదో, దానికి పైన ఇంకా ఎన్ని ఉన్నాయో.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు అమ్మతో మామ ఇంటికి వెళ్తే, యాదమ్మ నువ్వుల సద్ది ముద్ద తెచ్చి నా చేతిలో పెట్టింది. కోపంగా ఉందా లేదా అని దాని ముఖంలో వెతికాను. ఏమీ దొరకలేదు. "మా టీచరమ్మను ఏడికో పంపిన్రంట. పోయేటప్పుడు నాకు పెన్ను ఇచ్చింది" అని మాత్రం చెప్పింది. నేను ముద్ద మింగలేక, అది చూస్తుండగా ఉమ్మేయలేక, నోట్లో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

దసరా సెలవుల తర్వాత వాళ్లు మా బడికి రావడం మొదలుపెట్టారు. ఇరవై ఒక్క మందీ రాలేదు, చిన్నవాళ్లను తల్లులు పంపలేదు. పది పన్నెండు మంది వచ్చారు. గదిలో చోటు చాలలేదు. మా ఊరి పిల్లలు వాళ్లను "వాగోళ్లు" అని పిలవసాగారు. పది రోజులు గడిచాయో లేదో చిత్త కార్తె వానలు పట్టుకున్నాయి, వాగు వచ్చింది. తాత మందను నాయినకు అప్పగించి, పంచె ఎగగట్టి, పొద్దునా సాయంత్రం ఆ పిల్లలను ఒక్కొక్కరినీ భుజం మీద దాటించేవాడు. డెబ్బై ఏళ్ల మనిషి. మోకాళ్లకు ఆముదం రాసుకుంటూ అవ్వతో తిట్లు తినేవాడు, మళ్లీ పొద్దున్నే పోయేవాడు. "నేనే తోల్కొస్తి, నేనే దాటియ్యాలె" అనేవాడు. ఒకరోజు నడి వాగులో ఆయన కాలు జారి, భుజం మీది పిల్లవాడితో సహా మునిగి లేచాడు. ఏమీ కాలేదు. కానీ మర్నాటి నుంచి అవతలి ఒడ్డున ఎవరూ నిలబడలేదు. తాత మాత్రం ఇంకో నాలుగు రోజులు ఇవతల ఒడ్డున నిలబడి వచ్చాడు.

వాగు తగ్గాక కొందరు మళ్లీ వచ్చారు, కొందరు రాలేదు. యాదమ్మ వచ్చింది, కొన్నాళ్లు. పల్లి పంట అయిపోగానే మామ మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోవాల్సి వచ్చింది. గొర్రె పిల్లలను చూసుకునే మనిషి కావాలి. బడి ఊళ్లో ఉంటే, పిల్లను దాని అవ్వ దగ్గర విడిచి పోయేవాడినని మామ అమ్మతో అన్నాడు. బడికి పోవాలంటే వాగు దాటాలి. ముసలామె ఎవరి వెంట పంపుతుంది? తోడుకు వెంటబెట్టుకుపోయాడు. వానాకాలానికి మంద తిరిగి వచ్చింది, యాదమ్మ కూడా వచ్చింది. కానీ అప్పటికి మేం ఐదో తరగతి, అది ఏ తరగతో ఎవరికీ తెలియదు. అట్లా ఆగిపోయింది దాని చదువు. ఎవరూ మాన్పించలేదు. ఎవరూ మాన్పించకుండానే చదువు ఎట్లా ఆగుతుందో నేను కళ్లారా చూశాను, అయినా ఎవరైనా అడిగితే సరిగా చెప్పలేను.

అది ఆ రోజు అంత బాగా చదవకుండా తడబడి ఉంటే? సారు ఆ ఒక్క అబద్ధం ఆడకుండా ఉంటే? అప్పుడు మా బడే పోయేది, నేనే వాగు దాటాల్సి వచ్చేది. బహుశా ఈ రోజు డి.ఎడ్. చదివింది అదీ, గొర్లు కాసింది నేనూ అయ్యేవాళ్లం. తాతది తప్పందామంటే ఆయన బడిని నిలబెట్టాలనుకున్నాడు. ఆఫీసరుది తప్పందామంటే ఆయన కళ్లతో చూసిందే రాశాడు. ఉత్తర్వులు రాసినవాళ్లు కూడా పిల్లలు తక్కువున్న బడులను కలిపితే సార్లు ఎక్కువవుతారనే అనుకుని ఉంటారు. అందరూ మంచికే చేస్తే చెడు ఎక్కడి నుంచి వచ్చిందో నా బుర్రకు అందదు. గడ్డం పట్టుకుని ఒట్టేసింది మాత్రం నేను. అది గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకు పట్టరాని కోపం వస్తుంది.

ఆ తరువాత ఎన్ని మార్పులు చూశానో! ఒక ఏడు పిల్లలను తరగతులు పక్కనబెట్టి చదవగలిగేవాళ్లు, లేనివాళ్లు అని గుంపులు చేయమన్నారు. ఇంకో ఏడు టీవీలో పాఠాలన్నారు. టీవీ వచ్చింది, కరెంటు రాలేదు. గోడలకు రంగులు, బొమ్మలు వేశారు, కొత్త మరుగుదొడ్లు కట్టారు. తెలుగు మీడియం పోయి ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇప్పుడు పొద్దున టిఫిను కూడా పెడుతున్నారు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏదీ చెడ్డది కాదు. అయినా పసుపు బస్సు ఇంకా వస్తూనే ఉంది, ఒకటి కాదు, మూడు. మా సారు బదిలీ మీద వెళ్లి రిటైరయ్యారు. తాత కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయాడు. ప్రహరీ దగ్గర ఆగి తలలు లెక్కపెట్టే మనిషి లేడు. లెక్కను ఇప్పుడు ఫోనులో ముఖాలు ఫొటో తీసి పంపుతున్నాం. వాగు మీద వంతెన పడింది. గుట్టకిందిపల్లె బడి గదిలో ఎవరో యూరియా బస్తాలు వేసుకుంటున్నారు, నల్లబల్ల మీద ఫోన్ నంబర్లు రాసి ఉన్నాయి. వంతెన ఆ రోజే ఉంటే అని అనుకోని రోజు లేదు, బడి పోయాక వచ్చిన వంతెన మీద నుంచే అక్కడి పిల్లల బస్సు పోతుంది.

పుస్తకాల కట్టలు విప్పిన మరుసటి రోజు మేం బడిబాటకు బయలుదేరాం, అంటే ఇల్లిల్లూ తిరిగి పిల్లలను అడుక్కోవడం. ఈ ఏడు మా బడిలో నాలుగేళ్ల పిల్లలకు కూడా తరగతి పెట్టారు. పోయినేడు మొత్తం పదకొండు మంది. ఈసారి పెరగకపోతే ఏమవుతుందో ఇప్పటి సారు చెప్పలేదు, నేను అడగలేదు. వెనక వీధిలో యాదమ్మ ఇల్లు. మా ఊరి ట్రాక్టరు డ్రైవరును చేసుకుని ఇక్కడికే వచ్చింది, నాలుగేళ్ల పాప. ఆ ఇంటిని చివరికి పెట్టుకున్నాను. చివరికి కూడా పోకుండా ఉండగలనేమో అని చూశాను.

వదిన వాకిట్లో కూర్చుని పాపకు తల దువ్వుతోంది. నా చేతిలో కాగితాలు చూసి సంగతి తెలుసుకుంది. "కూసో భాగీ" అని పీట జరిపింది. నేను చెప్పాల్సినవన్నీ గడగడా చెప్పాను: ఇంగ్లీషు మీడియమని, పుస్తకాలు ఇస్తారని, పొద్దున టిఫిను అని, బస్సు ఎక్కాల్సిన పనిలేదని. అది జడ అల్లుతూ అంతా వింది. రిబ్బను ముడి వేసి, పాప తల పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూసుకుంది.

"ఆయన బస్సుకు పంపుదమంటున్నడు. నాకైతె మీ తానకే పంపాలని ఉంది" అంది. ఆగి, నా కళ్లలోకి చూసింది. "ఒక్కటి చెప్పు. ఇది ఐదో తరగతి అయ్యేదాంక బడి ఈడనే ఉంటదా? ఉంటదని నువ్వు చెప్తె పంపుత."

ఎగతాళి కాదు. నిష్ఠూరం కూడా కాదు. నిజంగానే అడిగింది, చదువుకున్నదానివి నీకు తెలుస్తుందని అడిగింది. నాకు తెలియదు. సారుకు తెలియదు, ఆ పైనున్నవాళ్లకు కూడా తెలుసో లేదో. తెలియదని చెప్పడానికే నోరు తెరిచాను.

"ఉంటది వదినా" అన్నాను.

వదిన లేచి, పాప ముఖం కొంగుతో తుడిచి, ఆ చిన్న చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది.